చదవనట్టు గుర్తు

ఇతరుల ఉత్తరాలు చదవకూడదని నాకెవరూ ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పలేదు. సంధ్యవేళ నిద్రపోకూడదనీ, గడప మీద కూర్చోకూడదనీ, అన్నం ముందు కోపం చూపకూడదనీ నేర్పారు. ఉత్తరాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది చెప్పనక్కర్లేని విషయమనుకున్నారు కాబోలు. చెప్పనక్కర్లేదనుకున్న చోటే మనిషి కాలు జారుతుందన్న సంగతి నలభై ఏళ్ళు దాటాక, అదీ కన్నతండ్రి ఇంట్లో, కంప్యూటరు ముందు కూర్చుని తెలుసుకున్నాను.

మా నాయన వెలుగోడులో ఉంటాడు. నంద్యాల నుంచి ఆత్మకూరుకు పోయే దారిలో, నల్లమల అడవి అంచున ఉంటుందీ ఊరు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా మారింది. నాయన బడిపంతులుగా పనిచేసి రిటైరై ఇరవై ఏళ్ళు దాటింది. డెబ్బై ఎనిమిదో ఏట కూడా పొద్దున్నే ఉగ్గాని, బజ్జి ముందు పెట్టుకుని పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివే మనిషి. ఈమధ్య చూపు మందగించింది. ఫోనులో వచ్చే మెయిళ్ళు చదవాలంటే ఫోనును ముక్కుకు ఆనించుకోవాల్సి వస్తోంది. "ఇవి అక్షరాలు కావు పాపా, చీమలు. ఎవరో దీని మీద చక్కెర చల్లినారు" అని విసుక్కునేవాడు.

అమెరికాలో ఉన్న మా అన్న డబ్బు పంపించాడు. పెద్ద తెర ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటరు ఇంటికొచ్చింది. ఇటువంటి వస్తువుల విషయంలో కొనేవారు ఒకరు, వాడేవారు ఒకరు, అమర్చి పెట్టేవారు ఇంకొకరు. ఏప్రిల్ ఎండల్లో పది రోజులుండి పోదామని వచ్చిన నేను ఆ మూడో మనిషినయ్యాను.

బ్రౌజరులోనే మెయిలు చూసుకోవచ్చు కదా అని మీరనవచ్చు. చూసుకోవచ్చు. కానీ నాయనకు రెండు ఖాతాలున్నాయి. ఒకటి, అన్న ఇరవై ఏళ్ళ కిందట విమానమెక్కే ముందు తెరిచి ఇచ్చిన యాహూ. రెండోది, పెన్షను కాగితాలకూ బ్యాంకుకూ తర్వాత తెరిచిన జీమెయిల్. ఒకదాన్లోంచి బయటికొచ్చి ఇంకోదాన్లోకి పోవడం ఆయనకు నంద్యాలలో బస్సు మారినంత పని. అన్ని ఖాతాల ఉత్తరాలూ ఒకే గుమ్మంలోకి వచ్చేట్టు చేసే ప్రోగ్రాములున్నాయి. వాటిలో థండర్‌బర్డ్ ఒకటి. 2004 డిసెంబరులో దాని మొదటి వెర్షన్ వచ్చింది, ఇప్పటికీ ఉచితమే. అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. నాకు కావలసింది అదే.

ఇటువంటి ప్రోగ్రాముల గురించి తలుచుకుంటే నాకు ఒక రచయిత్రి గుర్తొస్తుంది. అమెరికాలో యుడోరా వెల్టీ అని ఉండేది. 1941లో ఒక కథ రాసింది. ఇంట్లోవాళ్ళతో పోట్లాడి, రేడియోతో కుట్టుమిషనుతో సహా కాపురాన్ని పోస్టాఫీసులోకి మార్చేసిన ఒక పోస్టుమిస్ట్రెస్ కథ. 1988లో స్టీవ్ డార్నర్ అనే ఇంజనీరు మెయిళ్ళ ప్రోగ్రాము ఒకటి తయారుచేస్తూ, తనకూ పోస్టాఫీసులోనే కాపురమున్నట్టు అనిపించి దానికి 'యుడోరా' అని పేరు పెట్టాడు. 1990లలో దాన్ని వాడినవాళ్ళు చాలామంది. కథలు రాసుకునే ఒక ఆడమనిషి పేరు కంప్యూటర్లలోకి ఎక్కిందని నాకు గర్వంగా ఉండేది. ఇంటిల్లిపాది ఉత్తరాలూ చేతిలో ఉన్న మనిషికి ఇంటివాళ్ళతో ఎటువంటి చిక్కు వస్తుందో మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

సరే, ఖాతాలు పెట్టడం మొదలుపెట్టాను. పేరు రాసి, మెయిలు చిరునామా రాస్తే చాలు, సర్వర్ల వివరాలు ప్రోగ్రాము తనే వెతికి తెచ్చుకుంటుంది. తర్వాత ఒక ప్రశ్న అడుగుతుంది. ఐమ్యాప్ కావాలా, పాప్ కావాలా అని. "దీంట్లో కూడా నువ్వే ఉండావే పాపా" అని నాయన నవ్వాడు. ఆయనకు అర్థమయ్యేట్టు ఇలా చెప్పాను. పాప్ అంటే పోస్టాఫీసుకు పోయి మన ఉత్తరాలు మనం ఇంటికి తెచ్చేసుకోవడం. కాపీ అక్కడ ఉంచమని చెబితే తప్ప పోస్టాఫీసులో ఏమీ మిగలదు. ఐమ్యాప్ అంటే ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంటాయి. ఫోనులోంచి చూసినా, కంప్యూటరులోంచి చూసినా అదే ఉత్తరం, దాని మీద అవే గుర్తులు. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన దీనికి రూపం ఇచ్చాడు. నాయన రెండుచోట్లా చూసుకోవాలి కనుక ఐమ్యాప్ ఎంచుకున్నాం.

జీమెయిల్ దగ్గర ఇంకో మెట్టు ఉంది. పాస్‌వర్డును ప్రోగ్రాములో రాసేస్తే సరిపోయే రోజులు పోయాయి. 2022 మే నెలాఖరు నుంచి గూగుల్ ఆ పద్ధతికి స్వస్తి చెబుతూ వచ్చింది. ఇప్పుడు గూగుల్ తన సొంత కిటికీ ఒకటి తెరుస్తుంది. అక్కడ పాస్‌వర్డు ఇచ్చాక నాయన ఫోను టింగుమంది. "ఇది మీరేనా?" అని అడిగింది. నాయన ఫోను నా చేతికిచ్చి, "ఏమో అడుగుతాంది, నువ్వే నొక్కు" అన్నాడు. నేను "అవును, నేనే" అని నొక్కాను.

అబద్ధం అక్కడే మొదలైందని ఇప్పుడనిపిస్తోంది.

ఆయన ఖాతాల కింద, ఉన్న పది రోజులూ నా రాతపనికి ఉంటుందని నా ఖాతా కూడా పెట్టుకున్నాను. ఎడమవైపు వరసగా ముగ్గురి పేర్లూ నిలబడ్డాయి, రేషను కార్డులో మాదిరి. దాని ఫలితం మర్నాడే తెలిసింది. ఒక పత్రికకు నా నవలిక పంపిస్తూ, 'ఎవరి నుంచి' అన్న గడిలో నాయన పేరుండడం చూసుకోలేదు. సంపాదకుడి జవాబు నాయనకు వచ్చింది. "మాస్టారూ, ఆడవాళ్ళ మనసు మీరు పట్టుకున్నంత బాగా ఈమధ్య ఎవరూ పట్టుకోలేదు" అని. నాయన రెండుసార్లు చదువుకుని, "మీ అమ్మ ఉండింటే ఈ మాట చూపించేవాణ్ణి" అన్నాడు. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఒకరి పేరుతో ఇంకొకరు మాట్లాడడం అంత తేలికగా జరిగిపోతుందని ఆ రోజు నవ్వుగానే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం. నాయన భోంచేసి పడుకున్నాడు. అక్షరాల సైజు సరిపోయిందో లేదో చూద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. కొత్త ఉత్తరమొకటి వచ్చింది. యాహూ ఖాతాకు, అన్న దగ్గర్నుంచి. విషయం అన్నచోట 'నాయనకు మాత్రమే' అని ఉంది.

ఆ ప్రోగ్రాములో పైన ఉత్తరాల పట్టిక ఉంటుంది, కింద ఉత్తరం ఉంటుంది. పట్టికలో ఒక వరస మీద నొక్కితే చాలు, కింద ఉత్తరం పరుచుకుంటుంది. కవరు చింపడం, మడత విప్పడం ఏమీ లేదు. నేను నొక్కాను. అక్షరాల సైజు చూడ్డానికే నొక్కానని ఇప్పటికీ అనగలను. అక్షరాలు నేను పెట్టినంత పెద్దవిగానే వచ్చాయి. అంత పెద్ద అక్షరాలు కంటబడకుండా ఎలా ఉంటాయి? మొదటి వాక్యం కంటబడింది.

రెండో వాక్యం నేను చదివాను.

ఈ రెండు మాటలకూ ఉన్న తేడాయే ఈ వ్యాసమంతా. కంటబడినదానికి కన్ను పూచీ. చదివినదానికి మనిషి పూచీ. మొదటి వాక్యం దగ్గర చూపు మరల్చుకుని ఉండవచ్చు. మరల్చుకోలేదు. చివరి దాకా చదివాను.

అందులో ఏముందో మీకు చెప్పను. చెబితే ఇంతసేపు మీ ముందు కూర్చుని మాట్లాడడం వృథా. ఒక్క మాట మాత్రం చెబుతాను, దానికి తర్వాత అన్న ఒప్పుకున్నాడు కనుక. "చెల్లెలికి ఇప్పుడే చెప్పొద్దు నాయనా" అని ఉంది. రోజూ వీడియోలో ముఖాలు చూసుకుని మాట్లాడుకునే ఈ కాలంలో కొడుకు తండ్రికి ఉత్తరం రాశాడంటే, అది నోటితో చెప్పలేని మాట అని వేరే చెప్పాలా?

లోపల మంచం కిర్రుమంది. నాయన లేస్తున్నాడు. అప్పుడు చూశాను పట్టికవైపు. చదవని ఉత్తరాలు అందులో బొద్దు అక్షరాల్లో ఉంటాయి. చదివాక అక్షరాలు సన్నబడతాయి. అన్న ఉత్తరం సన్నబడి ఉంది. నాయన చూస్తే తెలిసిపోతుంది. ఆ ప్రోగ్రాములో కీబోర్డు మీద 'ఎం' అక్షరం నొక్కితే, చదివిన ఉత్తరం మళ్ళీ చదవనిదైపోతుంది. నొక్కాను. అక్షరాలు మళ్ళీ బొద్దుగా నిలబడ్డాయి. ఐమ్యాప్ కదా, నాయన ఫోనులో కూడా అది కొత్త ఉత్తరమే.

వెనకటి రోజుల్లో ఇతరుల ఉత్తరం దొంగతనంగా చదవాలంటే ఎంత శ్రమ! కవరును మరిగే నీళ్ళ ఆవిరి మీద పట్టాలి. బంక మెత్తబడాలి. చదివాక మెతుకు పెట్టి అంటించాలి. ఎంత ఒడుపుగా చేసినా కాగితం ముడతపడేది, సిరా అలుక్కునేది. కాగితం సాక్ష్యం చెప్పేది. ఈ ఉత్తరానికి ముడత లేదు, మరక లేదు.

దీని లోపలి మర్మం తర్వాత తెలుసుకున్నాను. ఐమ్యాప్‌లో ప్రతి ఉత్తరానికీ సర్వర్లో కొన్ని గుర్తులుంటాయి. జవాబిచ్చినది, తీసేయాల్సినది, ఇలా. అందులో ఒకటి 'సీన్', అంటే చూసినది. ఆ గుర్తు ఉత్తరం చూడబడిందని చెబుతుంది. ఎవరు చూశారో చెప్పదు. యంత్రానికి నాయన కళ్ళూ నా కళ్ళూ ఒకటే. "ఇది మీరేనా?" అంటే "అవును నేనే" అన్నాను కదా. ఆ గుర్తు తీసెయ్యమంటే తీసేస్తుంది. ఉత్తరం మీది గుర్తు అది. నా మీది గుర్తు తియ్యడానికి దానిలో మీట లేదు.

మొదట నన్ను నేను బాగానే సమర్థించుకున్నాను. నవలలు రాసేదాన్ని, పరుల మనసుల్లోకి తొంగిచూడడం నా వృత్తి అనుకున్నాను. కానీ నా పాత్రల ఉత్తరాలు నేను రాసినవి. అన్న ఉత్తరం అన్న రాసింది. ఒకే ఇల్లు, ఒకే రక్తం, మనలో మనకు దాపరికమేమిటి అని ఇంకో సమాధానం చెప్పుకున్నాను. ఆలోచిస్తే అదీ నిలవలేదు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకే తలుపులు కావాలి. అడవిలో ఒంటరిగా ఉండేవాడికి తలుపెందుకు? మా అన్న నాకు చెప్పిన రహస్యాలు ఎన్నో ఉన్నాయి. అవి నాకు విలువైనవి ఎందుకయ్యాయి? చెప్పకుండా ఉండగలిగీ చెప్పాడు కనుక. నేనే తలుపు తోసుకుని తీసుకుంటే అది అతను ఇచ్చింది కాదు, నేను ఎత్తుకొచ్చింది.

ఇంకో ధైర్యం కూడా చెప్పుకున్నాను. విషయం తెలిస్తే సాయం చేయవచ్చు కదా అని. ఈ ధైర్యం మూడు రోజుల్లో తీరిపోయింది.

ఆ సాయంత్రం నాయన ఉత్తరం చదువుకున్నాడు. చాలాసేపు తెర ముందు కదలకుండా కూర్చున్నాడు. రాత్రి జొన్నరొట్టె సగం తుంచి వదిలేశాడు. "ఏమైంది నాయనా?" అంటే "ఏం లేదు పాపా, ఎండకు ఆకలి చచ్చిపోయింది" అన్నాడు. అది ఎండ కాదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. మర్నాడు పత్రిక మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన మనసులో బరువేమిటో దేశంలో ఎవరికైనా తెలుసంటే అది నాకొక్కదానికే. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని రెండు మాటలు చెబితే ఎంత తేలికపడేవాడో! చెప్పలేను. చెబితే ఎలా తెలిసిందని అడుగుతాడు. దొంగిలించిన నగ పెట్టుకుని పెళ్ళికి పోలేనట్టు, దొంగతనంగా తెలుసుకున్న బాధను ఓదార్చనూ లేము. సాయం చేయడానికే తెలుసుకున్నానన్న నేను, ఏమీ తెలియని పక్కింటావిడ చేయగలిగిన సాయం కూడా చేయలేకపోయాను. ఆవిడైతే కనీసం "ఏమి సారూ, వాడిపోయినావు?" అని ధైర్యంగా అడిగింది.

ఎవరికీ నష్టం జరగలేదు కదా, జాడ కూడా లేదు కదా అని వాదించేవారుంటారు. నష్టం అక్కడుంది చూడండి. నాయనకూ నాకూ మధ్య అంతకుముందు లేని గోడ ఒకటి లేచింది. దానికి అటువైపు మనిషికి గోడ ఉన్నట్టే తెలియదు.

ఈ విషయాన్ని నా ఒక్క ఇంటి గొడవగా చెప్పడం లేదు. ఇవాళ ఎంతమంది కొడుకుల, కూతుళ్ళ చేతుల్లో తల్లిదండ్రుల పాస్‌వర్డులు లేవు? క్యాలెండరు వెనక రాసిపెట్టినవి, ఫోనులో దాచిపెట్టినవి. ఓటీపీ వస్తే చదివేది మనమే. పెన్షను కాగితం పంపేది మనమే. పెద్దవాళ్ళు మనకు తాళంచెవి ఇస్తారు. ఇచ్చేది చూపు ఆనక, వేళ్ళు వణికి, మీటలు అర్థం కాక. అంతే కానీ ఇక మీదట నా బతుకు నువ్వు చదువుకో అని కాదు. చూపు తగ్గితే హక్కు తగ్గుతుందా?

చట్టాల సంగతి చూడండి. మన దేశంలో 1898 నాటి పోస్టాఫీసు చట్టం సవాశతాబ్దం నడిచింది. దాని బదులు 2023లో కొత్త చట్టం చేశారు, 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది. పోస్టులో పోయే వస్తువును ప్రభుత్వం ఆపి విప్పే వీలు రెండింటిలోనూ ఉంది. ఆ వీలు ఉండాలా వద్దా, ఎంత ఉండాలి అన్న వాదనలూ ఉన్నాయి. అయినా అంత పెద్ద ప్రభుత్వం కూడా దేశ భద్రత అనో, శాంతిభద్రతలనో ఒక కారణం చూపాలి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు, పుట్టస్వామి గారి కేసులో, గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చారు. ప్రభుత్వానికైనా కారణం కావాలి. కూతురికి అక్కర్లేదా? కూతురి మీద కేసు వేసే తండ్రి ఉండడు కనుక అక్కర్లేదనుకుంటాం. వేయడు కనుకనే కావాలి.

నాలుగో రోజు సాయంత్రం నాయనను రిజర్వాయరు కట్ట మీదికి తీసుకుపోయాను. వెలుగోడు రిజర్వాయరు చూశారా మీరు? తెలుగుగంగ పథకంలోది. కృష్ణ నీళ్ళు శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి దిగి, బనకచర్ల మీదుగా ఇక్కడికొస్తాయి. నిండితే 16.95 టీఎంసీలు. ఇక్కడ నిలిచి, బ్రహ్మంగారి మఠం దగ్గరి జలాశయానికీ, అక్కణ్ణుంచి సోమశిలకూ, కండలేరుకూ, చివరికి మద్రాసు పక్కన పూండికీ పోతాయి. మద్రాసు దాహం తీర్చడానికి 1983లో ఒప్పందం జరిగింది, 1996లో నీళ్ళు పూండికి చేరాయి. దారిలో రాయలసీమ, నెల్లూరు పొలాలు తడుపుకుంటూ పోతాయి. ఏప్రిల్ కనుక నీళ్ళు కట్టకు దూరంగా జరిగి ఉన్నాయి. గాలి మాత్రం చల్లగా ఉంది.

అక్కడ చెప్పాను. నొక్కడం, చదవడం, మళ్ళీ 'ఎం' నొక్కడం, అన్నీ. ఏదీ దాచలేదు.

నాయన వెంటనే ఏమీ అనలేదు. నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికో ఆయనే మొదలుపెట్టాడు.

"నువ్వు బడికి కూడా పోని రోజుల సంగతి. మన ఊర్లోంచి కువైటుకు, సౌదీకి పోయినోళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ ఇండ్లకు ఉత్తరాలొస్తే చదివి చెప్పమని ఆడోళ్ళు మన వసారాలోకి వచ్చేవాళ్ళు. ఆడ రాసేవాడు ఒకడు, ఈడ చదివేవాణ్ణి నేను. మధ్యలో మొగుడూ పెండ్లామూ. నేనొక పద్ధతి పెట్టుకున్నా. అడిగితేనే చదవాల. చదివినంక మరిచిపోవాల. దారిలో ఆ మొగుడి అమ్మ ఎదురుపడి 'ఏం రాసినాడు సారూ' అంటే 'నాకు గుర్తు లేదమ్మా' అనాల.

"ఒకసారి ఒకామె ఉత్తరం తెచ్చింది. అందులో ఒక మాట ఉండింది. ఏం మాటో నీకెందుకులే. చానా కఠినమైన మాట. ఆమె ముఖం చూసినా. చంకలో పసిపిల్ల. నాకు నోరు రాలా. ఆ మాట మింగేసి, మిగిలింది చదివి పంపించినా. మంచిపనే చేసినాననుకున్నా. ఆమె ఇంటికి పోయి, మొగుడి ఉత్తరం కదా, మళ్ళా వినాలనిపించి ఇంకొకరితో చదివించుకుంది. మర్నాడు వచ్చి మన వసారా ముందర నిలబడింది. లోపలికి రాలేదు. 'సారూ, నాకు రావాల్సిన ఏడుపు నువ్వెందుకు తీసుకున్నావు?' అనింది. అంతే. మళ్ళా మన ఇంటికి ఉత్తరం తేలేదు. ఆ చంకలో పిల్ల నా బడిలోనే చదువు నేర్చుకుని వాళ్ళమ్మకు ఉత్తరాలు చదివి చెప్పేదాకా ఇంకెవరి దగ్గరికో పోయింది."

నేను ఏమీ అనలేకపోయాను.

"నేను చెడ్డ ఉద్దేశంతో చెయ్యలేదు పాపా. నువ్వూ చెయ్యలేదు. ఉద్దేశం మంచిదైతే చాలనుకుంటాం. ఉత్తరం మన చేతిలోకి వచ్చేసరికి మనదే అనిపిస్తాది. నువ్వు చదివినావు, అది ఒక తప్పు. అంతకన్నా నాకు బాధగా ఉండేది, మళ్ళా చదవనట్టు చేసి పెట్టినావే, అది. చదివితే చదివినానని చెప్పింటే ఈ మూడు రోజులు ఇద్దరం కలిసి మోసేవాళ్ళం."

చీకటి పడుతోంది. నాయన నీళ్ళవైపు చెయ్యి చూపించాడు. "ఇన్ని నీళ్ళుండాయి గదా. వెలుగోడు రిజర్వాయరు అంటారు. పేరు మన ఊరిది. అన్ని నీళ్ళూ మనవేనా? ఎవరికి పోవాల్సినవి వాళ్ళకు పోవాల. పట్టి పెట్టుకున్నంత మాత్రాన సొంతం అయిపోతాదా?" అన్నాడు. బడిపంతులు కదా, ఉదాహరణ లేకుండా పాఠం ముగించడు.

"మీ అన్నకు నువ్వే రాయి" అన్నాడు దారిలో.

ఆ రాత్రే రాశాను. 'ఎవరి నుంచి' అన్న గడిలో నా పేరే ఉందని రెండుసార్లు చూసుకుని మరీ పంపించాను. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు ఫోను చేశాడు. మొదట కోప్పడ్డాడు, ఆ కోపం న్యాయమైనది. తర్వాత తను ఎప్పుడో నాకు చెప్పాలనుకున్న మాటలు తనే చెప్పాడు. అవన్నీ నేను ముందే చదివినవే. అయినా అతని నోట విన్నప్పుడు కొత్తగా ఉన్నాయి. ఆ తేడాకు ఏమి పేరు పెట్టాలో నాకు తెలియలేదు. అతను ఇస్తే నాకు అందాయి, అంతే చెప్పగలను.

ఊరికి బయల్దేరే ముందు నాయన కంప్యూటరులో కొన్ని మార్పులు చేశాం. నా ఖాతా అందులోంచి తీసేశాను. రెండు ఖాతాల పాస్‌వర్డులూ నాయనే మార్చుకున్నాడు, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. నేను కిటికీలోంచి వేపచెట్టు చూస్తూ నిలబడ్డాను. థండర్‌బర్డ్‌లో దాచిన పాస్‌వర్డులన్నిటి మీదా ఇంకొక ప్రధాన పాస్‌వర్డు పెట్టుకునే వీలుంది. అదీ పెట్టుకున్నాడు. "మరిచిపోతే ఎట్ల నాయనా?" అన్నాను. "మరిచిపోతే నిన్ను పిలుస్తా. పిలిచినప్పుడు వద్దువులే" అన్నాడు. ఫోను మళ్ళీ "ఇది మీరేనా?" అని అడిగింది. ఈసారి ఆయనే ముక్కుకు ఆనించుకుని చూసి, "నేనే, ఇంకెవరు" అని పైకే అంటూ నొక్కాడు.

అంతా అయ్యాక ఒక ఉత్తరం తెరిచి, "అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యి పాపా" అన్నాడు. చేశాను. చూపు ఆనని మనిషి కోసం అక్షరం ఎంత పెద్దది చేస్తే, పక్కన నిలబడ్డవాళ్ళకు అంత బాగా కనిపిస్తుంది. ఇది ఎవరూ తప్పించలేని చిక్కు. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

"ఈసారి చదువు, అడుగుతాండా గదా" అన్నాడు నాయన నవ్వుతూ.

కరెంటు బిల్లు. మొదటి అంకె నుంచి చివరి పైసా దాకా ఒక్క ముక్క మింగకుండా చదివి వినిపించాను.